ముక్కుపుడక కేసు

మద్రాసు నుండి మనవారితో వచ్చిన మొదటి ఓడ 'ట్రూరో' 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. చెరకు తోటలలో పని దొరికింది గాని ప్రభుత్వ బడులలో తెల్లపిల్లల పక్కన చోటు దొరకలేదు. మన పెద్దలు కూలి డబ్బులు కూడబెట్టి తామే బడులు కట్టుకున్నారు. ఆ కథ ప్రతి ఇంటిలోను తెలిసినదే. ప్రభుత్వ పాఠశాల ఏ విద్యార్థిని చేర్చుకొనుటలోను అన్యాయముగా వివక్ష చూపరాదని 1996 నాటి పాఠశాలల చట్టము చెప్పింది.

తలుపు తెరుచుకుంది సరే, లోపల నియమాలు ఎవరివి?

2004లో డర్బన్ గర్ల్స్ హైస్కూలు విద్యార్థిని ఒకతె సెలవులలో ముక్కు కుట్టించుకొని, చిన్న బంగారు పుడకతో తిరిగి వచ్చింది. ఒకప్పుడు అది తెల్లవారి పిల్లలకే పరిమితమైన బడి. నగల విషయములో దాని నియమావళి చెవికమ్మలను దాటి పోదు. పుడక తీయాలన్నారు, లేకపోతే క్రమశిక్షణ విచారణ అన్నారు. ఆడపిల్ల ఈడుకు వచ్చినప్పుడు ముక్కు కుట్టించడము తమ దక్షిణ భారత కుటుంబ ఆచారమని, పదహారేళ్ళు నిండినప్పుడు అమ్మమ్మ రవ్వపుడక పెడుతుందని తల్లి ఉత్తరము వ్రాసింది. వారు తమిళులు. కాని ఆ ఉత్తరము మన ఇండ్లలో ఏ తల్లి అయినా వ్రాయగలిగినదే.

2005లో సమానత్వ న్యాయస్థానములో ఆమె ఓడింది. 2006లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ హైకోర్టులో గెలిచింది. బడి, విద్యాశాఖ రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళాయి. గాంధీగారు ఖైదులో ఉన్న జొహానెస్‌బర్గ్ పాత కోట ఆవరణలోనే ఆ న్యాయస్థానము ఉన్నది.

2007 అక్టోబరు 5న ప్రధాన న్యాయమూర్తి పయస్ లాంగా తీర్పు చెప్పారు. ముక్కుపుడక హిందూ మతములో తప్పనిసరి కాదని అందరూ ఒప్పుకున్నదే. అయినా తప్పనిసరి ఆచారానికే రక్షణ, ఇష్టపూర్వకముగా పాటించే దానికి లేదు అనడము సరికాదన్నారు. నాకు ఈ మాటే అన్నిటికన్న విలువైనదిగా తోచింది. మన ఆచారాలలో ఎన్ని శాస్త్రములో ఉన్నాయి? చాలా భాగము అమ్మమ్మల చేతి మీదుగా వచ్చినవే కదా! ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు అందరూ అడుగుతారన్న వాదననూ ఆయన అంగీకరించలేదు. మనస్ఫూర్తిగా అడిగేవారు ఎక్కువైతే అది సంతోషించవలసిన విషయమన్నారు. బడులలో చాలాకాలము పనిచేసిన నాకు క్రమశిక్షణ అంటే గౌరవమే, కాని చిన్న పుడక వలన అది చెడినట్లు ఆ బడి చూపలేకపోయింది.

విద్యార్థులను, తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను సంప్రదించి, మత సంస్కృతులకు చోటిచ్చేటట్లు నియమావళిని సవరించమని బడిని ఆదేశించారు. ఆ అమ్మాయి అప్పటికే చదువు ముగించుకొని బడి విడిచింది.