కవి శీలం: చాటువు నుంచి కరపత్రం దాకా

మన పాతకాలం వాళ్లు కవి బతుకును బట్టి కావ్యాన్ని తూచలేదు. కావ్యాన్ని బట్టి కవికి బతుకు కట్టబెట్టారు. భాగవతం రాశాడు కాబట్టి పోతన పొలం దున్నుకున్న నిరాడంబరుడు, శృంగార నైషధం రాశాడు కాబట్టి శ్రీనాథుడు భోగి. ఇద్దరినీ బావామరదుల్ని చేసి జనం కథలల్లారు. దారిన పోయే సరస చాటువునల్లా శ్రీనాథుడి ఖాతాలో వేశారు.

ఈ కథల జోలికి వెళ్లి కాలం, ఊరు, వంశం ఆధారాలతో తేల్చబోయినవారు ‘ఆంధ్ర కవుల చరిత్రము’ రాసిన కందుకూరి వీరేశలింగం. ఆయన తన స్వీయచరిత్రా రాసుకున్నారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి చూపారు. రాసినట్టు బతికావా అని రచయితను అడగడానికి తెలుగువాడికి ధైర్యం వచ్చింది బహుశా అప్పుడే.

ఆ ప్రశ్న అచ్చై చేతికొచ్చింది మాత్రం విశాఖపట్నంలో. 1970 ఫిబ్రవరిలో, తన సొంత ఊళ్లోనే శ్రీశ్రీకి షష్టిపూర్తి. పక్కనే శ్రీకాకుళం రైతాంగ సాయుధ పోరాటంతో రగులుతోంది. ఊరంతా సాహిత్యకారులు చేరిన ఆ సంబరంలో విశాఖ విద్యార్థులు రచయితలను సవాలు చేస్తూ ఒక కరపత్రం పంచారు. మీరెటువైపు అన్నది అందులోని సారం. అదే ఏడు జులై 4న విప్లవ రచయితల సంఘం పుట్టింది, శ్రీశ్రీ అధ్యక్షుడయ్యారు.

గమనించండి, ఆ కుర్రాళ్లు అడిగింది శీలం కాదు, పక్షం. శ్రీశ్రీ తాగుడు అప్పటికే లోకవిదితం. ఆయన దాచుకోలేదు కూడా; ఆ తర్వాత తన ఆత్మకథ ‘అనంతం’లో తనే విప్పి చెప్పుకున్నారు. ప్రైవేటు బతుకు ఎవరిది వారికే, పబ్లిక్‌లో నిలబడ్డాక ఏమైనా అంటామన్న మాట ఆయన పేరు మీదే ఊళ్లో తిరుగుతోంది. ప్రైవేటుకూ పబ్లిక్‌కూ మధ్య గీసిన ఆ గీత ఆయనకు బాగానే పనికొచ్చిందని నా అనుమానం.

అదే ఊళ్లో కథకుడు, ప్లీడరు రావిశాస్త్రి దారి వేరు. నల్లకోటు వేసుకుని కోర్టుకెళ్లేవారు, ఇంటికొచ్చి ఆ కోర్టునే ఉతికేవారు. ‘ఆరు సారా కథలు’లో పోలీసులతో పాటు ప్లీడర్లకూ వాతలున్నాయి. మంచికి హాని, చెడుకు సాయం చేసే రాత రాయకూడదన్నది ఆయన పెట్టుకున్న హద్దు. బతుకును రాతకు దూరంగా నెట్టకుండా, బతుకుతెరువునే కథల బోనులో నిలబెట్టారు.

1980ల నుంచి స్త్రీవాదులు వచ్చి ఆ గీతను చెరిపేశారు. ఇల్లు కూడా రాజకీయమేనన్నాక ప్రైవేటు బతుకు సొంతం ఎలా అవుతుంది? స్త్రీ స్వేచ్ఛ కోసం కలం పట్టిన చలం ఇంట్లో ఆడవాళ్లు ఏం మోశారో అడిగారు. ఆయన పుస్తకాలను మాత్రం అవతల పారేయలేదు, తిట్టుకుంటూనే చదివారు.

బీచ్ రోడ్డులో శ్రీశ్రీ విగ్రహం ఉంది. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 30న దండ వేసేటప్పుడు మహాప్రస్థానం గుర్తుచేసుకుంటాం. అక్కడ నిలబడి ‘అనంతం’ చదివినవాళ్లను నేనింతవరకు చూడలేదు.