ఎస్ప్లనేడ్ మాన్షన్: అద్దె చట్టము నీడలో జీర్ణించిన సౌధము

బొంబాయి నగరమందలి కాలాఘోడా ప్రాంతమున, ఇంగ్లండులో పోతపోయబడి ఓడలపై తేబడిన ఇనుప స్తంభములను దూలములను కూర్చి 1860ల దశాబ్దమున నిర్మింపబడిన వాట్సన్ హోటలు ఒకనాడు ఆ మహానగరమునకు తలమానికముగా వెలుగొందెను. లూమియేర్ సోదరుల చలనచిత్రములు భారతభూమిపై తొలిసారి ప్రదర్శింపబడినది, 1896 జూలై 7వ తేదీన, ఆ భవనమందే. హోటలు మూతపడిన పిమ్మట అది ఎస్ప్లనేడ్ మాన్షనను పేరుతో చిన్న చిన్న గదులుగా విభజింపబడి, న్యాయస్థానములు చేరువనుండుటచే ప్లీడర్ల కార్యాలయములకును, చిరువర్తకులకును, కొన్ని కుటుంబములకును నెలవయ్యెను.

అంతటి కట్టడము శిథిలమగుటకు సముద్రపు ఉప్పుగాలిని, ఏటేటి వర్షములను నిందించుట సులభము. కాని మూలకారణము చట్టములోనే కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమునుండి జనము వెల్లువగా వచ్చిచేరి, తలదాచుకొన గది దొరకక అల్లాడుచుండగా, అద్దెలు విచ్చలవిడిగా పెరుగకుండ సామాన్యులను కాపాడనెంచి, ప్రభుత్వము 1947లో అద్దె నియంత్రణ చట్టమును చేసి, 1940 సెప్టెంబరు 1వ తేదీనాటి అద్దెనే ప్రమాణముగా నిలిపెను. ఆ ఉద్దేశము ధర్మమైనది. నేటికిని దానిని నేను తప్పుపట్టను. అయితే తాత్కాలికముగా పుట్టిన ఆ శాసనము పలుమారులు పొడిగింపబడి అర్ధశతాబ్దము బ్రతికెను. ఈలోగా సున్నము, కలప, తాపీపనివాని కూలి ఎన్నో రెట్లు హెచ్చినను, అద్దె మాత్రము ఉన్నచోటనే ఉండెను. వచ్చు అద్దె మరమ్మతులకు చాలదని యజమాని చేతులు ముడుచుకొనగా, తనది కాని గోడకు తానేల వెచ్చింపవలెనని కిరాయిదారు ఊరకుండెను. గది చేతులు మారునపుడు పగ్డీయను సలామీ రూపమున పెద్ద మొత్తములు చెల్లుచున్నను, అందులో ఒక్క పైసయైనను కట్టడమునకు చేరవలెనను నియమము లేకపోయెను.

పాత ఇండ్లపై పన్ను విధించి ప్రభుత్వమే బాగుచేయించుటకు 1969లో మరమ్మతుల బోర్డు ఏర్పడెను. చదరపు మీటరుకు ఇంతయని హద్దు విధించిన ఆ వ్యయము సామాన్యపు గోడలకే చాలనప్పుడు పోత ఇనుప వరండాలకు ఎట్లు చాలును? తెలుగునేలనుండి వలసవెళ్లిన కామాటీల పేర వెలసిన కామాఠీపురమందలి పాత చాళ్లకును పట్టినగతి ఇదియే.

2005లో ఎస్ప్లనేడ్ మాన్షనులో కొంతభాగము కూలి ఒక ప్రాణము బలియయ్యెను. ప్రపంచమందు అపాయస్థితిలోనున్న నూరు స్థలముల 2006వ సంవత్సరపు పట్టికలో ఆ సౌధము చేరెను. 2019లో అది ఖాళీచేయింపబడెను.

దశాబ్దములనాటి అద్దెను అట్లే బిగించియుంచుట అసమంజసమని 1997లో సుప్రీంకోర్టు తేల్చిన పిదప, మహారాష్ట్ర శాసనసభ 1999లో చేసిన కొత్తచట్టము ఏటికి నాలుగుశాతము పెంపును అనుమతించినది. 1940నాటి అద్దెపై నాలుగుశాతము ఒక మెట్టునైనను బాగుచేయజాలదు. కిరాయిదారు రక్షణను తొలగింపుమని నేను కోరను. అద్దెనుండి మరమ్మతు భాగమును వేరుచేసి కట్టడము పేరనే ఖాతాలో నిలుపవలెననియు, పేదలు చెల్లింపలేని ఆ భాగమును ఖజానా భరింపవలెననియు, ఈ మేరకు చట్టమును సవరింపుడనియు శాసనకర్తలను వేడుచున్నాను.