మూసీ వరదా, నా మాక్ ఆబ్జెక్టులూ

మాక్ ఆబ్జెక్ట్ అన్న మాట 2000లో లండన్ ప్రోగ్రామర్లు రాసిన ఓ పేపరుతో వ్యాపించింది. అసలు డేటాబేసు బదులు, మనం నేర్పిన జవాబే మనకి తిరిగి చెప్పే డొల్ల ఆబ్జెక్టు అన్నమాట. నాకూ దానిమీద మోజే, టెస్టులు చకచకా అయిపోతాయి మరి!

కానీ నయాపూల్ దాటి పాతబస్తీలోకి వెళ్ళినప్పుడల్లా 1908 సెప్టెంబరు 28 గుర్తొస్తుంది. ఆ రోజు మూసీ వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1909లో వచ్చిన విశ్వేశ్వరయ్య గారు మామూలు వానని ఊహించుకుని లెక్కలు కట్టలేదు, ఆ వరద కొలతలే ముందు పెట్టుకున్నారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మన భాషలో ఆ కొలతలే ఫిక్స్చర్.

నా కోడు మాక్ తో పాసై, పాతబస్తీ కస్టమర్ల ఫైలు చూడగానే చతికిలబడింది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసేవాళ్ళు ఉంటారని మాక్ కి తెలీదు, నాకే తెలీదు కాబట్టి. ఈమెయిలు పంపే చోట మాత్రం ఇప్పటికీ మాకే వాడతాను లెండి.