ఉప్పు కోసం తవ్వితే వేడినీళ్లు

స్విట్జర్లాండ్ ఉత్తరపు అంచున, రైన్ నది ఒడ్డున బాడ్ జుర్జాఖ్ అని ఒక చిన్న ఊరుంది. వంతెన దాటితే జర్మనీ. కీళ్లనొప్పులవాళ్లు, ఆపరేషన్ అయి కోలుకుంటున్నవాళ్లు ఇక్కడి వేడినీళ్ల కొలనుల కోసం వస్తారు. ఎవరైనా ఇది రోమన్ల నాటి స్నానఘట్టం అనే అనుకుంటారు. ఊరు రోమన్ల నాటిదే, నీళ్లు కావు. అవి జనానికి అందింది 1955లో. అంతకుముందు రెండువేల ఏళ్లూ ఈ ఊరికి కూడుపెట్టింది ఏరు దాటే చోటే.

రోమన్లు దీన్ని టెనెడో అనేవారు. విండొనిస్సా సైనిక శిబిరం నుంచి ఉత్తరానికి పోయే బాట ఇక్కడే రైన్ దాటేది. నాలుగో శతాబ్దంలో ఈ నదే సామ్రాజ్యపు సరిహద్దు కావడంతో, వంతెనకు కాపలాగా గుట్ట మీద కోట కట్టారు.

ఆ తర్వాత ఊరికి పేరు తెచ్చింది ఒక సమాధి. ఈజిప్టు నుంచి వచ్చిన వెరేనా అనే పుణ్యవతి ఇక్కడ రోగులకూ పేదలకూ తలంటి, ఒళ్లు కడిగి సేవచేసిందని కథ. ఆమె బొమ్మ ఎక్కడ చెక్కినా ఒక చేతిలో నీళ్ల కూజా, ఇంకో చేతిలో దువ్వెన ఉంటాయి. పుణ్యస్త్రీల చేతుల్లో శిలువలూ గ్రంథాలూ చూసి అలవాటైన కంటికి ఆ దువ్వెన ఎంత ఆత్మీయంగా కనిపిస్తుందో! సమాధి మీద గుడి వెలసింది, గుడికి యాత్రికులు వచ్చారు, వాళ్ల వెంట వర్తకులూ వచ్చారు.

అలా మొదలైన సంత ఏడాదికి రెండుసార్లు జరిగేది: పెంతెకొస్తు పండక్కి ఒకసారి, సెప్టెంబరు 1న వెరేనా పండక్కి ఇంకోసారి. తోళ్లు, బట్టలు, గుర్రాలు ప్రధానమైన సరుకు. దగ్గర్లోని ఎండింగెన్, లెంగ్నావ్ గ్రామాల యూదులకు ఈ సంతే పెద్ద ఆధారం. ఆ రోజుల్లో స్విట్జర్లాండ్‌లో వాళ్లను స్థిరపడనిచ్చింది ఆ రెండు ఊళ్లలోనే మరి. నడివీధిలోని పాత ఇళ్లు చూస్తే సంత ఎంతటిదో తెలుస్తుంది. సరుకుకు కింద కమానుల గదులు, వెనక విశాలమైన పెరళ్లు. ఊరి జనానికి అంత చోటు అక్కర్లేదు, వచ్చేపోయేవాళ్ల కోసమే కట్టారు.

బతికించిన సరిహద్దే తర్వాత దెబ్బతీసింది. 1835లో అవతలి ఒడ్డున ఉన్న బాడెన్ రాజ్యం జర్మన్ సుంకాల కూటమిలో చేరడంతో నది దాటే సరుకు ఖరీదైపోయింది. 1856 తర్వాత సంత జరగలేదు.

మళ్లీ ఆశ పుట్టించింది ఉప్పు. నేల కింద ఉప్పు పొరలు ఉన్నాయని తేలి, సోడా ఫ్యాక్టరీ వచ్చింది. 1914లో ఉప్పు కోసమే బోరు వేస్తుంటే నాలుగు వందల మీటర్ల కింద వేడినీళ్లు తగిలాయి. అదే ఏడు యుద్ధం వచ్చిపడింది, బోరు మూసేశారు. కాళ్ల కింద అంత సంపద ఉందని తెలిసీ నలభై ఏళ్లు ఆగాల్సి రావడం తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 1955లో మళ్లీ తవ్వారు. 430 మీటర్ల లోతు నుంచి దాదాపు 40 డిగ్రీల నీళ్లు ఎగదన్నుకొచ్చాయి. కొలనులు, ఆసుపత్రులు, హోటళ్లు ఒకదాని వెంట ఒకటి లేచాయి.

స్నానాల ఊరని తెలిపే ‘బాడ్’ను 2006లో గానీ పేరులో చేర్చుకోలేదు. 2022లో చుట్టుపక్కల ఏడు గ్రామాలతో కలిసి ఒకే పంచాయతీ అయ్యాక, దానికి మళ్లీ పాత పేరే పెట్టుకున్నారు, ఉత్త జుర్జాఖ్ అని.