మెండెల్ లెక్క మరీ సరిపోయిందా?

నేటి చెక్ దేశంలోని బ్రనో మఠంలో గ్రెగర్ మెండెల్ 1856 నుండి 1863 వరకు బఠానీలు పెంచారు. అంతకు మునుపు మొక్కలను సంకరం చేసినవారు లేకపోలేదు. సంతానాన్ని లెక్కపెట్టి నిష్పత్తి కట్టినవారే అరుదు. వియన్నాలో డాప్లర్ వద్ద భౌతికశాస్త్రం అభ్యసించిన మెండెల్‌కు అంకెల మీద గురి. రెండవ తరంలో 7324 గింజలు రాగా అందులో గుండ్రనివి 5474, ముడతలవి 1850. ఇంచుమించు మూడుకు ఒకటి. అండం నుండి ఒక కారకం, పుప్పొడి నుండి ఒక కారకం వస్తాయి. ఏది వస్తుందన్నది బొమ్మా బొరుసే. రెండూ ముడత కారకాలే అయ్యే అవకాశం సగంలో సగం, అనగా నాలుగింట ఒకటి.

చిక్కు తరువాతి మెట్టులో ఉంది. బహిర్గత లక్షణమున్న మొక్కలలో మూడింట ఒక వంతు శుద్ధమైనవి, రెండు వంతులు మిశ్రమం కావాలి. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. అందుచేత కాయ రంగు వంటి లక్షణాలకు ఒక్కొక్క మొక్క నుండి పది గింజలు నాటి, పదీ తల్లిని పోలితే శుద్ధమని ఆయన తీర్మానించారు. ఇక్కడే 1936లో రొనాల్డ్ ఫిషర్ వేలు పెట్టారు. మిశ్రమ మొక్కకు సైతం పది పిల్లలూ తల్లిని పోలే అవకాశం ఉన్నది: ముప్పాతికను పదిమార్లు హెచ్చవేస్తే 0.056. అంటే నూటికి అయిదారు మిశ్రమాలు శుద్ధాల పద్దులో పడతాయి. ఆ లెక్కన 600 మొక్కలలో శుద్ధమైనవిగా సుమారు 222 కనబడాలి. మెండెల్‌కు కనబడినవి 201.

ఇంత తేడా యాదృచ్ఛికంగా రావటం అసంభవమేమీ కాదు. అయితే ప్రయోగాలన్నీ కలిపి చూసినా ఉండవలసిన ఎగుడుదిగుడులు లేవన్నది ఫిషర్ అభియోగం. రావలసిన ఫలితం తెలిసిన సహాయకుడెవరో అంకెలు సవరించి ఉండవచ్చునని ఆయన ఊహ. ఏళ్ళ తరబడి పరీక్షపత్రాలు దిద్దినవాణ్ణి. ఒక్క తప్పయినా లేని జవాబు చూస్తే సంతోషం కన్నా ముందు సందేహమే పుడుతుంది.

అయినా నాకు మెండెల్‌ను దోషి అనబుద్ధి కాదు. కాయ రంగు పరీక్షలో మొదట 40 శుద్ధం, 60 మిశ్రమం వచ్చాయి. ఆ తేడా నచ్చక మరల చేస్తే 35, 65 వచ్చాయి. రెంటినీ అచ్చు వేయించారు. మోసగాడు మొదటిదాన్ని దాచేవాడు. ఆయన పొరపాటల్లా నచ్చని లెక్కను మాత్రమే తిరగ చూడటం. నచ్చిన లెక్కలను అంత పట్టుగా తిరగ చూశారా అన్నది తేల్చడానికి ఆయన ప్రయోగాల చిట్టాలు నిలిచి లేవు.