288 ఉత్తరాలు

చంద్రుడి మీద మొదట కాలుమోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, అక్కడి నుంచి చివరగా తిరిగొచ్చిన యూజీన్ సెర్నాన్... ఇద్దరూ అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లే. అంత పేరున్న క్యాంపస్‌లోనే 1960ల చివర్లో ఇంజినీరింగ్‌లో చేరిన నల్లజాతి విద్యార్థుల్లో నూటికి 80 మంది మధ్యలోనే మానేసేవారు. తెలివి తక్కువై కాదు. పక్కన కూర్చుని అర్థంకాని లెక్క చెప్పే తమవాడొకడు ఉంటేగా! మన పిల్లలు విమానం ఎక్కకముందే సీనియర్ల వాట్సాప్ గ్రూపులో చేరిపోతున్నారు. ఆ ధైర్యం అప్పటి ఆ నల్లజాతి విద్యార్థులకు లేదు.

1971లో ఎడ్వర్డ్ బార్నెట్, ఫ్రెడ్ కూపర్ అనే ఇద్దరు విద్యార్థులు డీన్ దగ్గరికి వెళ్లారు. మాకంటూ ఒక సంఘం కావాలన్నారు. డీన్ సరేనని, సలహాదారుగా ఆర్థర్ బాండ్‌ను అప్పగించారు. ఇంజినీరింగ్ అధ్యాపక సిబ్బందిలో అప్పటికి ఉన్న నల్లజాతీయుడు ఆయనొక్కరే. సంఘమైతే పుట్టింది గానీ ఊపందుకోలేదు. 1974లో బాండ్ ప్రోత్సాహంతో విద్యార్థులు మళ్లీ కూడబలుక్కున్నారు. అధ్యక్షుడిగా ఆంథొనీ హారిస్‌ను ఎన్నుకున్నారు.

హారిస్‌కో ఆలోచన వచ్చింది. ఇక్కడి కష్టమే మిగతా కాలేజీల్లోనూ ఉండదా? దేశంలో గుర్తింపు పొందిన ఇంజినీరింగ్ విద్యాసంస్థలన్నిటికీ, అధ్యక్షులకూ డీన్లకూ, ఉత్తరం రాశాడు. మీ దగ్గర నల్లజాతి విద్యార్థి నాయకులెవరు, ఇలాంటి సంఘాలున్నాయా, సాయపడే అధ్యాపకులెవరు? అడిగిందింతే. ఈమెయిల్ లేని రోజులు. ఒక్కో కవరూ ఒక్కో చిరునామాతో పోస్టులో పడాల్సిందే. అలా 288 వెళ్లాయి.

జవాబులు వచ్చింది 80. మిగతావి ఏ డీన్‌గారి చెత్తబుట్టకు చేరాయో! అయినా ఆ 80 చాలు.

1975 ఏప్రిల్ 10 నుంచి 12 వరకు పర్‌డ్యూలో సమావేశం జరిగింది. 32 విద్యాసంస్థల నుంచి 48 మంది విద్యార్థులు వచ్చారు. ‘నేషనల్ సొసైటీ ఆఫ్ బ్లాక్ ఇంజినీర్స్’ అన్న పేరు, కాగడా చిహ్నం అక్కడే ఖాయమయ్యాయి. పునాది వేసినవాళ్లు ఆరుగురు: ఆంథొనీ హారిస్, బ్రయన్ హారిస్, స్టాన్లీ కర్ట్‌లీ, ఎడ్వర్డ్ కోల్‌మన్, జాన్ లోగన్, జార్జ్ స్మిత్. వీళ్లకే ‘షికాగో సిక్స్’ అని పేరొచ్చింది.

చదువు మధ్యలో ఆగకుండా చూడటం, పట్టా చేతికొచ్చాక ఉద్యోగానికి దారి చూపడం ఆ సంఘం పని. 1976లో అది లాభాపేక్షలేని సంస్థగా నమోదైంది. నేటికీ దాన్ని నడిపిస్తున్నది విద్యార్థులే.