ఇంటిపేరు ముందా, వెనకా? సర్వర్, పాత పీసీ కలిసిన కథ

ఈసారి కంప్యూటర్ల చరిత్ర. మా గుడిలో ఆదివారం తెలుగు బడికి ఎవరైనా పాత పీసీలు ఇస్తామంటే ఒకే ప్రశ్న వస్తుంది: "సర్వర్ 64 బిట్, ఇవి 32 బిట్. కలుస్తాయా?" ఇలాంటి ప్రశ్న చాలా పాతది.

మన పేర్లతో మొదలుపెడతాను. తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు రాస్తాం. అమెరికాలో చివర రాస్తారు. మనిషి ఒకరే, వరుస వేరు. ప్రాసెసర్లూ అంతే. పెద్ద సంఖ్యని బైట్లుగా విడగొట్టి దాస్తాయి. డిజిటల్ కంపెనీ వ్యాక్స్ చిన్న విలువ బైట్ ముందు పెట్టేది. మోటరోలా 68000 పెద్ద విలువ బైట్ ముందు పెట్టేది. గలివర్ కథలో గుడ్డు ఏ వైపు పగలగొట్టాలని కొట్టుకుంటారు కదా, 1980లో డానీ కోహెన్ ఆ పేర్లే ఈ రెండు పద్ధతులకి పెట్టారు.

1984లో ఎం.ఐ.టి.లో బాబ్ షైఫ్లర్ ఎక్స్ విండో సిస్టం మొదలుపెట్టారు. ప్రోగ్రాం ఒక కంప్యూటర్‌లో నడుస్తుంది, బొమ్మ ఇంకో కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. 1987లో వచ్చిన ఎక్స్ 11లో ప్రోగ్రాం పంపే మొదటి బైట్ ఒక అక్షరం. పెద్ద 'బి' అంటే పెద్ద విలువ ముందు. చిన్న 'ఎల్' అంటే చిన్న విలువ ముందు. వచ్చిన చుట్టం తన పద్ధతి చెప్తాడు, ఇంటివాళ్ళు సర్దుకుంటారు. అలాగే తెర ఉన్న కంప్యూటరే సర్దుకోవాలి.

డిస్క్ లేని వర్క్‌స్టేషన్‌కి ఇది చాలదు. అది ప్రోగ్రాంని సర్వర్ నుంచి తెచ్చుకుని తన ప్రాసెసర్ మీదే నడుపుతుంది. సన్ కంపెనీ సన్-3లో మోటరోలా ఉండేది, 1987లో వచ్చిన సన్-4లో స్పార్క్ వచ్చింది. ఒకే సర్వర్ రెండిటినీ నడపాలంటే రెండు రకాల ప్రోగ్రాంలు వేరువేరుగా ఉంచాలి. ఒకే వంటింట్లో రెండు వంటలు!

1999లో జిమ్ మెక్‌విలన్ ఎల్.టి.ఎస్.పి. మొదలుపెట్టారు. దానితో పాత పీసీలు డిస్క్ లేకుండా నెట్‌వర్క్ మీద లినక్స్ తెచ్చుకుని లేస్తాయి. తరవాత 64 బిట్ సర్వర్లు వచ్చినా ఇబ్బంది రాలేదు. పాత పీసీల కోసం చిన్న 32 బిట్ లినక్స్ కాపీ ఒకటి సర్వర్‌లో ఉంచేవారు. బ్రౌజర్, ఆఫీస్ లాంటివి సర్వర్ మీదే 64 బిట్‌లో నడిచేవి.

అయితే ఇప్పుడు ఆ చిన్న కాపీ దొరకడమే కష్టం. ఉబుంటు 2019లో, డెబియన్ 2025లో 32 బిట్ పీసీలకి కొత్త పూర్తి సిస్టం ఇవ్వడం ఆపేశాయి. తెరకి పంపే భాష మారలేదు, పీసీని లేపేవాళ్ళు తగ్గిపోయారు.

అందుకని పాత పీసీ తీసుకునే ముందు సర్వర్ ఎన్ని బిట్లు అని కాదు, ఈ పీసీ తనంతట తాను ఏం నడపాలి, అది ఇంకా ఎవరు తయారుచేస్తున్నారు అని అడగాలి.